పసుపు మూటలో గుర్రపు నాడా

పోయిన శుక్రవారం మా ఇంటికి స్వప్న అనే అమ్మాయి వచ్చింది. జగిత్యాల దగ్గర పల్లెటూరు వాళ్ళది. ఇక్కడ అల్ వక్రాలోనే ఒక క్లినిక్ ల్యాబ్‌లో పని చేస్తోంది, వచ్చి నాలుగు నెలలే అయిందట. తెలుగువాళ్ళ బతుకమ్మ ఆట దగ్గర కనిపించిన వాళ్ళందరినీ "పడవ సారు వాళ్ళ ఇల్లెక్కడ?" అని అడిగి మా నంబరు పట్టుకుంది. పడవ సారంటే మా ఆయన. ఆ పేరు గుర్తున్న పెద్దమనిషి ఒకాయన ఈ దేశంలో ఇంకా మిగిలి ఉండబట్టి సరిపోయింది. అమ్మాయి గడపలో చెప్పులు విప్పుతూ "మల్లేశ్ బిడ్డనమ్మా" అంది. మా ఆయన ఇంట్లో లేడు, చేపల మార్కెట్‌కి వెళ్ళాడు. శుక్రవారం చేప తేకపోతే ఆయనకి వారం గడిచినట్టుండదు.

స్వప్న సంచిలోంచి గుడ్డ మూట తీసి నా ముందు పెట్టింది. విప్పితే వాళ్ళ చేలో పండి, వాళ్ళే ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆడించిన పసుపు. వంటిల్లంతా ఆ వాసనే. డబ్బాలోకి పోద్దామని గరిటె పెడితే అడుగున ఏదో గట్టిగా తగిలింది. తీసి చూస్తే గుర్రపు నాడా. ఏడు చిల్లులు, ఒక కొమ్ము రెండోదాని కంటే సన్నగా అరిగిపోయి ఉంది. ఆ అరుగుదల నాకు తెలుసు.

"గా నాడా మీకేనట అమ్మా," అంది స్వప్న. "పాతిల్లు తీసేసి కొత్తిల్లు కడ్తున్నం. బాపు అన్నిటికన్న ముందుగాల దర్వాజ మీదున్న దీన్ని ఊడబీకిండు. నేను పుట్టకముందు సంది గాడనే ఉండె. దుబాయ్‌ల పనిచేసేటప్పుడు తెచ్చిన అంటడు. ఖతర్‌ని కూడ దుబాయే అంటడు ఆయన. సారు చేతిల పెట్టకు, అక్క చేతిలనే పెట్టు అని పదిసార్లు చెప్పిండు."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. బియ్యం కడిగిపెట్టాను, అమ్మాయిని అన్నం తినే వెళ్ళమన్నాను, ఉల్లిపాయలు తరగడానికి సాయం వస్తానంటే సరేనన్నాను. అవన్నీ నోరు చేసిన పనులు. మనసు మాత్రం ముప్పై ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్ళి, ఇదే ఊళ్ళో సముద్రం ఒడ్డున నిలబడింది.

ఆ నాడా మా నాయనమ్మది. కాకినాడలో మా వీధి చివర జట్కాలు ఆగే చోటుండేది. కొత్త నాడా పనికిరాదని, గుర్రం కాలికి అరిగి అరిగి దానంతట అదే ఊడిపడ్డ నాడాకే దిష్టి తీసే గుణం ఉంటుందని ఆవిడ నమ్మకం. జట్కావాడికి ముందే చెప్పిపెట్టి, ఊడిపడ్డ రోజు వాడికి కడుపునిండా చద్దన్నం, మాగాయ పెట్టి తీసుకుంది. పొద్దున్నే గడప కడిగి, దాన్నీ తుడిచి, చిటికెడు పసుపు రాసేది. చుట్ట కాలుస్తూనే రాసేది, అది వేరే సంగతి. నేను పెళ్ళయి ఖతర్‌కి బయలుదేరిన రోజు మా గుమ్మానికున్న ఆ నాడాని పీకించి నా పెట్టె అడుగున, పట్టుచీరల కింద పెట్టింది. "నీళ్ళ మీదుగా పోతున్నావు, గుమ్మానికి కొట్టించుకో," అంది. అద్దె ఇంటి తలుపుకి మేకు కొడితే ఖతరీ ఇంటి యజమాని ఊరుకోడని మా ఆయన కొట్టనివ్వలేదు. దాంతో అది పెట్టెలోనే ఉండిపోయింది.

అప్పటి అల్ వక్రా ఇప్పటిలా లేదు. మెట్రో లేదు, ఒడ్డున అద్దాల హోటళ్ళు లేవు. మా మేడ మీది వాటా కిటికీ తీస్తే చేపల వలలు, ఉప్పు, డీజిలు కలిసిన వాసన వచ్చేది. మా ఆయన ఒక కట్టుబడి కంపెనీలో సైటు ఇంజనీరు. రాజోలు వైపు గోదావరి లంకల్లో పుట్టినవాడు, నీళ్ళు కనిపిస్తే మాట మధ్యలో ఆపేస్తాడు. వాళ్ళ ఆఫీసులో పనిచేసే ఒక ముసలి ఖతరీ పెద్దాయన ఇంటి వెనక పాత ఫైబర్ పడవ ఒకటి బోర్లించి ఉండేది. ఇరవై అడుగులుంటుందేమో. కొడుకులకు పెద్ద పడవలొచ్చాక దాన్ని పట్టించుకున్న వాళ్ళు లేరు, దాని కింద మేకలు పడుకునేవి. మా ఆయన దాని చుట్టూ తిరుగుతుంటే ఆ పెద్దాయన నవ్వి, "బాగుచేసుకుని తిప్పుకో, కాగితాలు నా పేరునే ఉంటాయి, పడ్డదాంట్లో నాకొక చేప, యల్లా, ఇక కానివ్వు," అన్నాడట. ఆ రోజు మా ఆయన ఇంటికొచ్చిన తీరు చూసి జీతం పెరిగిందనుకున్నాను.

ఆ పడవని బాగుచేయడానికి వచ్చినవాడే మల్లేశ్. సైటులో కాంక్రీటుకి చెక్క అచ్చులు కట్టే షట్టరింగ్ కార్పెంటర్. నా కంటే రెండేళ్ళు పెద్దవాడే అయినా నన్ను అక్కా అనేవాడు. క్యాంపులో ఒక గదిలో ఎనిమిది మంది. వారానికి ఒక్క శుక్రవారమే సెలవు. అందరూ ఆ రోజు నిద్రపోతే ఇతను తెల్లారగానే రంపం, చిత్రిక, సుత్తి ఉన్న సంచి వేసుకుని మా మెట్ల కింద నిలబడి "సార్, గాలెట్లున్నదియ్యాల?" అని కేకేసేవాడు. జన్మలో సముద్రం చూడని మనిషి. చెరువులో చేపలు పట్టినవాడు, అంతే. చెక్కని మాత్రం ఒకసారి చేత్తో నిమిరి ఎక్కడ చీలుతుందో చెప్పేవాడు.

ఆ చలికాలమంతా మా శుక్రవారాలు పడవకే పోయాయి. ముందు అడుగున పట్టిన గుల్లలు గోకారు. తర్వాత పగిలిన చోట్ల ఫైబర్ గుడ్డ పరిచి రెజిన్ పూశారు. ఆ ఘాటు వాసన వాళ్ళ బట్టలకి పట్టి, నేను మూడుసార్లు నానబెట్టినా వదిలేది కాదు. పుచ్చిపోయిన కూర్చునే బల్లలు తీసేసి మల్లేశ్ కొత్తవి బిగించాడు. గేలపు కర్రలు నిలబెట్టడానికి సైటులో మిగిలిన ప్లాస్టిక్ పైపు ముక్కలు కోసి అంచున బిగించారు. పాడైన ఫ్రిజ్జుని పడుకోబెట్టి ఐసు పెట్టె చేశారు. ఇంజనొకటి ఎక్కడో సంపాదించారు. అది ఒక పట్టాన అంటుకునేది కాదు. దాన్ని తిట్టడానికి మా ఆయనకి తెలుగు చాలక ఇంగ్లీషు, మల్లేశ్‌కి తెలుగు చాలక హిందీ వాడుకునేవాళ్ళు.

వాళ్ళ గురి వంజరం మీద. ఇక్కడ చనద్ అంటారు. అది ఒడ్డున దొరికే చేప కాదు. లోపలికి వెళ్ళి, పడవ నడుస్తుండగా వెనక మెరిసే ఎర లాగుతూ పోతే వెంటపడి పట్టుకుంటుంది. ఆ మెరిసే ఎర బజారులో దొరికేది వీళ్ళకి నచ్చలేదు. ఒక గురువారం సాయంత్రం పప్పులో గరిటె కోసం చూస్తే స్టాండులో నాలుగు చెంచాలు తక్కువ. మా అమ్మ సారెలో ఇచ్చిన స్టీలు చెంచాలు! వరండాలోకి వెళ్ళి చూద్దును కదా, మా ఆయన కాడలు కోసేస్తున్నాడు, మల్లేశ్ చిల్లు పెట్టి గేలం తగిలిస్తున్నాడు. నేను నోరు తెరిచేలోపే మల్లేశ్ "అక్కా, మీ చెంచ చూస్తే చేపకు ఆకలైతది," అన్నాడు. నవ్వొచ్చి తిట్టడం మర్చిపోయాను. నిజంగానే మూడో వారానికి ఆ చెంచాకే మొదటి వంజరం పడింది. ఖతరీ పెద్దాయనకి తల వైపు సగం ఇచ్చి, మిగతాది నేను పులుసు పెట్టాను. మా ఆయన ఆవ పెట్టాలంటాడు, మల్లేశ్ ధనియాలు, మెంతులు దండిగా పడాలంటాడు. ఇద్దరూ నా వంటింట్లో నిలబడి వాదించుకున్నారు. నేను ఎవరి మాటా వినకుండా మా నాయనమ్మ పెట్టినట్టే పెట్టాను, ఇద్దరూ గిన్నె ఊడ్చారు.

అప్పటిదాకా ఒడ్డు కనిపించేంత దూరమే వెళ్ళేవాళ్ళు. పెద్ద వంజరాలు ఇంకా లోపలుంటాయని చేపలవాళ్ళు చెప్పారట, దాంతో దిక్సూచి కావాల్సి వచ్చింది. పాత ఓడల సామాను అమ్మే చోట నీళ్ళలో తేలే బిళ్ళతో ఉన్న కంపాస్ దొరికింది. దానికి మల్లేశ్ టేకు చెక్కతో పెట్టె చేశాడు, నగల పెట్టె అంత నున్నగా. చుక్కాని ముందు బిగించి, ఒడ్డున మసీదు మినారుని గురి పెట్టి సరిచూశారు. వెంట్రుకవాసి తేడా లేదని మా ఆయన వారం రోజులు చెప్పుకున్నాడు. పెట్టెకి ఇత్తడి మరలే వేయించాడు. దగ్గర్లో ఇనుమున్నదంటే సూది అటు లాగుతుందని, మూరెడు దూరంలో ఇనుప మేకైనా ఉండకూడదని మల్లేశ్‌కి చెప్పాడు. నాకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఏముంది, నేను పడవకి అన్నం కట్టే మనిషిని.

లోపలికి వెళ్తున్నారనగానే నాకు భయం పట్టుకుంది. కడుపులో అప్పుడు మా అబ్బాయి, మూడో నెల. కాకినాడలో గాలివాన వచ్చి తగ్గాక ఒడ్డున ఆడవాళ్ళు నిలబడి నీళ్ళకేసి చూడటం చిన్నప్పుడు చూశాను. ఆ చూపు నాకు బాగా గుర్తుంది. పడవకి నాలుగు నిమ్మకాయలు కట్టుకోండి అంటే మా ఆయన, "ఫైబర్ పడవకి దిష్టేంటి సుగుణా, పోనీ ఆ నిమ్మకాయలు చేపల్లోకి ఇవ్వు," అని నవ్వేశాడు. నాకు ఒళ్ళు మండింది. గురువారం సాయంత్రం మంచినీళ్ళ డబ్బా పడవలో పెట్టే వంకతో వెళ్ళి, నాయనమ్మ నాడాని కొంగులో దాచి తీసుకెళ్ళాను. నాడా గుమ్మానికుండాలి. మరి పడవకి గుమ్మమేది? చాలాసేపు ఆలోచించాను. ఆయన నిలబడేదీ, దారి చూసుకునేదీ ఆ టేకు పెట్టె దగ్గరే కదా, అదే గుమ్మం అనుకున్నాను. పెట్టె కింద బల్లకి అడుగువైపు, పడవలో పడి ఉన్న రాగి తీగతో నాడాని బిగించి కట్టి, పసుపు రాసి, మనసులో దండం పెట్టుకుని వచ్చేశాను. ఆ రోజు నా అంత తెలివైన ఇల్లాలు అల్ వక్రాలో లేదనుకున్నాను.

శుక్రవారం పొద్దున వెళ్ళినవాళ్ళు పన్నెండింటికి రావాలి. పోయేటప్పుడు ఎండ, ఒడ్డు రెండూ కనిపిస్తున్నాయి కాబట్టి కంపాస్‌తో పని పడలేదట. పది దాటాక ఎడారి నుంచి దుమ్ము లేచి ఒడ్డూ సూర్యుడూ రెండూ మాయమైపోయాయి. మా ఆయన వెనక గేలాలు చుట్టుకుంటూ, "పడమర పట్టు మల్లేశా, కంపాస్ మీంచి కన్ను తీయకు," అన్నాడు. పడమర పోతే అల్ వక్రా తగలాలి. గంట పోయినా ఏమీ తగలలేదు. రెండు గంటలు పోయాక పెట్రోలు అయిపోయింది. దక్షిణానికి మెసయీద్ వైపు కొట్టుకుపోతుంటే, తిరిగొస్తున్న పెద్ద చేపల పడవవాళ్ళు చూసి తాడు వేసి లాక్కొచ్చారు. నేను పన్నెండింటి నుంచి రేవులోనే నిలబడి ఉన్నాను. పొద్దు వాలే వేళకి ఆ తాడు, తాడు వెనక మా పడవ కనిపించాయి. కాకినాడ ఒడ్డున చూసిన ఆ ఆడవాళ్ళలాగే నేనూ ఎవరి భుజమో పట్టుకుని ఏడ్చాను. ఆ భుజం ఎవరిదో నాకు ఇప్పటికీ తెలీదు.

మా ఆయనకి భయం వేస్తే కోపంగా బయటికొస్తుంది. రేవు నిండా జనముండగా మల్లేశ్ మీద విరుచుకుపడ్డాడు. "తూకపు గుండు పట్టి గోడలు నిలబెట్టేవాడివి, ఒక్క సూది చూడ్డం చేతకాలేదా? చంపేసేవాడివి కదయ్యా!"

"సార్, సూది పడమరనే చూపింది సార్," అన్నాడు మల్లేశ్, పెదాలు పగిలి మాట సరిగ్గా రావడం లేదు. "నేను సూదినే పట్టుకొని వచ్చిన. మీ మీదొట్టు."

"సూది పడమర చూపిస్తే మెసయీద్ ఎలా పోయాం?"

మల్లేశ్ సామాను దించుతానని మళ్ళీ పడవలోకి దిగాడు. చాలాసేపు ఆ పెట్టె దగ్గరే వంగి ఉన్నాడు. పైకొచ్చి నాకేసి ఒకసారి చూశాడు. అలసిపోయాడనుకున్నాను.

అన్నం తినేటప్పుడు మా ఆయన తనలో తనే గొణుక్కుంటున్నాడు. "ఇత్తడి మరలేశాను, దగ్గర్లో ఇనుప ముక్క లేదు, ఇనుముంటే సూది తప్పుతుంది కానీ..." నాడా ఇనుమే కదా అని నాకు అప్పుడు తట్టింది. ఆ ముద్ద వడ్డించానో లేదో గుర్తులేదు. మరుసటి శుక్రవారం కంపాస్‌ని మళ్ళీ మినారుతో సరిచూస్తానని వెళ్తే నేనూ వెంట వెళ్ళాను. సూది వెంట్రుకవాసి తేడా లేకుండా చూపించింది. ఆయన అటు తిరిగినప్పుడు బల్ల కింద చెయ్యి పెట్టి తడిమాను. రాగి తీగ ముక్క తప్ప ఏమీ లేదు. నాడా సముద్రంలో పడిపోయిందనుకున్నాను. దేవుడే నా పరువు కాపాడాడని మొక్కుకున్నాను కూడా. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. కంపాస్ సరిగ్గా ఉంది కాబట్టి తప్పు మల్లేశ్‌దేనని ఆ రోజుతో రుజువైపోయింది.

తర్వాత మల్లేశ్ రాలేదు, ఈయన పిలవలేదు. పడవ మళ్ళీ మేకల దగ్గరికి చేరింది. రెండు మూడు నెలలకి కాంట్రాక్టు అయిపోయి ఊరికి పోతూ మల్లేశ్ చెప్పడానికొచ్చాడు. మా ఆయన గదిలోంచి బయటికి రాలేదు. మల్లేశ్ గుమ్మంలోనే నిలబడి మంచినీళ్ళు తాగి, "అక్కా, సారుకు చెప్పుండ్రి," అన్నాడు. ఏం చెప్పాలని అడిగాను. కాసేపు నా మొహంలోకి చూసి, "పోతున్నా అని," అన్నాడు. ఇంకా కాసేపు నిలబడ్డాడు. నేను గ్లాసు చేతిలో పట్టుకుని నేలకేసి చూస్తూ ఉండిపోయాను. చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు.

చెప్పకపోవడానికి మొదట భయం. ఆయన నవ్వుతాడనీ, నా చేతకాని పూజ వల్ల ఇద్దరు చచ్చేవాళ్ళని జీవితాంతం అంటాడనీ. తర్వాత అబ్బాయి పుట్టాడు, ఇల్లు మారాం, ఇప్పుడెందుకులే అనిపించింది. కానీ ఆ మాట మాత్రం మా ఇంట్లో పాతుకుపోయింది. ఎవరు దారి తప్పినా మా ఆయన "మల్లేశ్ పడమర" అంటాడు. మల్లేశ్ ఎవరో ఎన్నడూ చూడని మా అబ్బాయి కూడా లుసైల్ రోడ్ల మీద కారు తప్పు మలుపు తిప్పినప్పుడు "అయ్యో, మల్లేశ్ పడమర పట్టాను" అని నవ్వుతాడు. అన్నప్పుడల్లా నాకు పంటి కింద రాయి పడ్డట్టుండేది. నేనూ నవ్వేదాన్ని.

ఈ మధ్య సాయంత్రాలు ఒడ్డున నడుస్తుంటే కుర్రాళ్ళ పడవలు కనిపిస్తాయి. ముందు రెండు తెరలు, నీటి అడుగున చేప ఎక్కడుందో ఒకటి చూపిస్తుంది, మనమెక్కడున్నామో రెండోది చెప్తుంది. జేబులో ఫోనుంటే చాలు, ఎవరూ దుమ్ములో తప్పిపోరు. మంచిదే. మా అబ్బాయి అలాంటి పడవలోనే వెళ్ళాలని నేనే పోరతాను. కాకపోతే నా చెంచాలు కోసిన ఆ వరండా, పులుసులో ఆవా మెంతులా అన్న తగాదా, పొద్దున్నే మెట్ల కింద నుంచి "గాలెట్లున్నది" అన్న కేక, వాటి కోసం ప్రాణం లాగుతుంది. వాటిని పోగొట్టింది గాలీ కాదు, దుమ్మూ కాదు, నేను.

స్వప్న ఉల్లిపాయలు తరుగుతుండగానే తలుపు తీసుకుని మా ఆయన వచ్చాడు, చేతిలో షేరీ చేపల సంచి. స్వప్న లేచి నిలబడి నమస్తే పెట్టి తండ్రి పేరు చెప్పింది. ఆయన మొహం ఒక్క క్షణం బిగుసుకుని, మర్యాదగా సర్దుకుంది. కూర్చోమన్నాడు, ఉద్యోగం గురించి అడిగాడు. అన్నం దగ్గర కూర్చున్నాక, ముసలితనంతో వచ్చిన ఆ తేలిక నవ్వుతో, "అయితే అమ్మా, మీ నాన్నకి ఇప్పుడైనా పడమర ఎటో తెలిసిందా?" అన్నాడు.

"గదేంది సార్?" అంది అమ్మాయి, నవ్వాలో వద్దో తెలీక.

నేను వంటింట్లోకి వెళ్ళి నాడా తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టాను. దాని మీద పసుపు ఇంకా అంటుకునే ఉంది. "ఇది మా నాయనమ్మ నాడా," అన్నాను. "ఆ రోజు కంపాస్ పెట్టె కింద రాగి తీగతో కట్టింది నేను. మల్లేశ్ పట్టింది సరిగ్గానే పట్టాడు. దీన్ని విప్పి దాచిందీ, ఇప్పుడు పంపిందీ అతనే. తప్పు నాది. ఇన్నేళ్ళూ చెప్పలేదు."

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, ఫోనులో కంపాస్ తెరిచి బల్ల మీద పెట్టాడు. నాడాని పక్కనుంచి మెల్లగా దగ్గరికి జరిపాడు. సూది కదిలింది. ఇంకా జరిపాడు. పడమర ఉన్నచోటు నుంచి గిర్రున పక్కకి తిరిగింది. దూరం తీశాడు, సర్దుకుంది. అలా మూడు నాలుగు సార్లు చేశాడు. నన్ను తిడతాడేమోనని చూశాను. తిడితే బాగుండేది. "రేవు నిండా జనంలో అన్నాను వాణ్ణి," అన్నాడు చివరికి, నాతో కాదు. తర్వాత అమ్మాయికేసి తిరిగి, "మీ నాన్న నంబరు కలుపమ్మా," అన్నాడు.

స్వప్న ఫోను కలిపి, స్పీకరు పెట్టి, బల్ల మధ్యలో పెట్టింది. అవతల కాంక్రీటు కలిపే మిషను చప్పుడు. ఎవరినో ఆపమని కేకేశాడు, చప్పుడు ఆగింది.

"మల్లేశా, నేను."

"సార్! బాగున్నరా సార్? మోకాళ్ళు నొస్తున్నయట, బతుకమ్మ కాడ విన్ననని బిడ్డ చెప్పింది."

"ఆ రోజు నువ్వు సరిగ్గానే పట్టావు మల్లేశా. నాదే తప్పు, అనకూడని మాటలన్నాను."

"నాకెర్కే సార్, నేను సక్కగనే పట్టిననని."

"ఎరికైతే ఇన్నేళ్ళు నోరెందుకు మూసుకున్నావయ్యా?" మా ఆయన ఫోను మీదికి వంగాడు. "నాడా నీ చేతిలోనే ఉంది కదా! ఒక్క మాట చెప్పొచ్చు కదా నాకు!"

నేను కుర్చీ అంచు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"అక్క చెప్తదనుకున్న సార్," అన్నాడు మల్లేశ్.